నలభై నాలుగు బుష్‌లు, ఒక కొలిమి: ఇబ్రహీంపట్నం చిన్న యూనిట్ల వినతిపత్రం

తెలంగాణ రాష్ట్ర పరిశ్రమల శాఖ మంత్రివర్యులు గారికి,
రంగారెడ్డి జిల్లా కలెక్టర్ గారి ద్వారా.
కొంగరకలాన్ సమీకృత కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణిలో సమర్పించినది.

విషయం: ఆదిభట్ల, ఎలిమినేడు పరిసరాల్లో చిన్న యూనిట్లకు ఉమ్మడి హీట్ ట్రీట్‌మెంట్ కేంద్రం నెలకొల్పుట, ఈ రంగంలోని పెద్ద కంపెనీలకు ఇక్కడ స్థలం ఇచ్చేటప్పుడు చిన్న లాట్లకు చోటు ఉండేలా షరతు పెట్టుట గురించి.

ఆర్యా,

ఇబ్రహీంపట్నం, ఆదిభట్ల, నాదర్‌గుల్, ఎలిమినేడు, మంగల్‌పల్లి చుట్టుపక్కల లేత్, వీఎంసీ, గ్రైండింగ్, షీట్‌మెటల్ పనులు చేసుకుని బతికే చిన్న యూనిట్ల యజమానులం, వాటిలో పనిచేసే ఆపరేటర్లం కలిసి నమస్కరించి మనవి చేసుకునేది ఏమనగా:

మా ముక్కలకు పదును పెట్టే కొలిమి మా దగ్గర లేదు. చెప్పుకోవలసింది ఈ ఒక్క మాటే. మిగతాదంతా దాని వివరం. కొంచెం ఓపికగా చదవమని కోరుతున్నాం.

పాత ఊళ్లలో ప్రతి రైతుకూ కర్రు ఉండేది, కొడవలి ఉండేది, గొడ్డలి ఉండేది. కొలిమి మాత్రం ఊరికి ఒక్కటే. కర్రు మొద్దుబారితే కమ్మరి ఇంటికి మోసుకుపోయేవాళ్లు. ఆయన కాల్చి, సాగగొట్టి, నీళ్లలో ముంచి పదును పెట్టి ఇచ్చేవాడు. పంట ఇంటికొచ్చే ముందు కళ్లం దగ్గరే ఆయన వాటా గింజలు కొలిచిపెట్టేవాళ్లు. ఇంటికో కొలిమి ఎవరూ కట్టుకోలేదు. కట్టుకుంటే బొగ్గులకే పంట సరిపోయేది.

ఇవాళ కమర్షియల్ హీట్ ట్రీట్‌మెంట్ అని పెద్ద పేరు పెట్టుకున్న వ్యాపారం అచ్చంగా ఆ కమ్మరి చేసిన పనే. ముక్క నీది, కాల్చి చల్లార్చేది నేను, కూలి ఇచ్చి పట్టుకుపో. ఈ పనిలో ప్రపంచంలోకెల్లా పెద్ద కంపెనీ బ్రిటన్‌లోని బాడీకోట్. 1923లో బట్టల వ్యాపారంగా మొదలైంది. 1970ల చివర్లో ఈ దారికి మళ్లి, ఇప్పుడు ఇరవైకి పైగా దేశాల్లో ఫర్నెస్‌లు నడుపుతోంది. అమెరికాలో సెయింట్ లూయిస్ నుంచి 1943లో బయల్దేరిన పాలో, పెన్సిల్వేనియాలో 1983లో వాక్యూమ్ ఫర్నెస్‌లతో మొదలైన సోలార్ అట్మాస్ఫియర్స్, నెదర్లాండ్స్‌కు చెందిన ఆల్‌బర్ట్స్, ఇవన్నీ అదే కోవలోవి. వీటి దగ్గరికి విమానాల కంపెనీలు వస్తాయి, కార్ల కంపెనీలు వస్తాయి, పది ముక్కలు పట్టుకుని మాలాంటి షెడ్డువాడూ వస్తాడు. అందరి ముక్కలూ ఒకే ఫర్నెస్‌లోకి పోతాయి. నిండు ట్రే కాల్చినా సగం ట్రే కాల్చినా కరెంటు ఖర్చులో పెద్ద తేడా రాదు కాబట్టి ట్రే నింపగలిగినవాడే ఈ వ్యాపారంలో నిలబడతాడు. మా కష్టమంతా ఈ ట్రే దగ్గరే ఉంది.

మన దగ్గర పని లేదని ఎవరూ అనలేరు. 2018 మార్చి 1న ఆదిభట్లలో టాటా బోయింగ్ ఫ్యాక్టరీ ప్రారంభమైంది. అపాచీ హెలికాప్టర్ ఫ్యూజలేజ్‌లు అక్కడే తయారవుతున్నాయి, బోయింగ్ 737 తోకమీది నిలువు రెక్క కూడా అక్కడి పనే. సీ-130జే రవాణా విమానం తోక భాగాలు తయారుచేసే టాటా లాక్‌హీడ్ మార్టిన్ కూడా ఆదిభట్లలోనే ఉంది. రఫేల్ ఫ్యూజలేజ్‌ను హైదరాబాద్‌లో తయారుచేయడానికి 2025 జూన్‌లో దసో, టాటా కంపెనీలు ఒప్పందం చేసుకున్నాయి. పెద్ద ఫ్యాక్టరీలకు కావలసిన ఏర్పాట్లు వాటికి ఉంటాయి. వాటికి ముక్కలిచ్చేవాడికి మేము ముక్కలిస్తాం. అలా మూడో మెట్టు మీదో నాలుగో మెట్టు మీదో నిలబడి ఉన్నాం. ఆ మెట్టు మీదికి నిచ్చెన ఇంకా రాలేదు.

ఇక్కడ మాలో ఒకరి అనుభవం చెబుతాం. ఎవరి పేరూ చెప్పం. ఒకరిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు.

17-4 పీహెచ్ అని ఒక రకం స్టెయిన్‌లెస్ స్టీలు ఉంది. అది మెత్తగా ఉన్నప్పుడే బుష్‌ను తిప్పుకుని, బోర్ కొట్టుకుని, చివర్లో కాల్చి గట్టిపరిచే ఏజింగ్‌కు పంపాలి. డ్రాయింగ్ మీద హెచ్ 1025 అని ఉంటుంది. ఆ అంకె ఫారెన్‌హీట్ డిగ్రీలు. మన లెక్కలో సుమారు 552 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు. అందులో ముక్క వెంట్రుకవాసి కుంచించుకుపోతుంది. 50 మిల్లీమీటర్ల బోర్‌కు పాతిక మైక్రాన్ల లెక్క. అందుకే మా ఆపరేటర్ ఆ పాతికను ముందే బోర్‌లో వదిలిపెట్టి, ఎయిర్ గేజ్ మీద ఒక్కొక్కటే కొలిచి, నూనె కాగితంలో చుట్టి 44 బుష్‌లను పెట్టెలో సర్దాడు. పెట్టె ఇంకో నగరానికి వెళ్లింది. అక్కడి హీట్ ట్రీట్‌మెంట్ షాపులో ట్రే నిండేదాకా పదకొండు రోజులు ఆగింది. తిరిగి వచ్చాక చూస్తే అన్నీ బంగారంలా ఉన్నాయి. గట్టిదనం కొలిచే రాక్‌వెల్ మిషన్ మీద 38 చూపించాయి, బోర్ కొలత గీత మీద కూర్చుంది. వారం తర్వాత మొత్తం లాట్ రిజెక్ట్ అని కబురొచ్చింది. కారణం ముక్కలో లేదు. ఫర్నెస్ చార్ట్‌తో పాటు వచ్చిన కాగితంలో థర్మోకపుల్ క్యాలిబ్రేషన్ గడువు ముగిసి తొమ్మిది రోజులైందట. ముక్క మంచిదే, కాగితం చెడ్డది.

విమానం పనిలో రిజెక్ట్ అయిన ముక్కను పక్కన పెట్టుకోవడానికి కూడా వీల్లేదు. పొరపాటున మళ్లీ ఎక్కడా బిగించకుండా ఎర్ర రంగు పూసి, రంపంతో కోసి పారేయాలి. తను పది రోజులు కూర్చుని కొలిచిన బుష్‌లను ఆ ఆపరేటరే ఒక్కొక్కటీ వైస్‌లో బిగించి కోశాడు. ఇరవై నాలుగేళ్ల కుర్రాడు. ఇబ్రహీంపట్నంలోనే డిప్లొమా చదివాడు. ఆ సాయంత్రం ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆ కాగితం పట్టింపు అన్యాయమని మేము అనడం లేదు. విమానంలో మా పిల్లలూ ఎక్కుతారు. హీట్ ట్రీట్‌మెంట్ బాగా జరిగిందో లేదో కంటికి కనపడదు, గేజ్‌కు పూర్తిగా దొరకదు. అందుకే దాన్ని స్పెషల్ ప్రాసెస్ అంటారు. చేసిన పద్ధతినే తనిఖీ చేయాలి తప్ప చేసిన ముక్కను చూసి తేల్చడం కుదరదు. విమాన రంగంలో 1990 నుంచి నడుస్తున్న నాడ్‌క్యాప్ గుర్తింపు ఇందుకే ఉంది. ఏఎంఎస్ 2750 అనే ప్రమాణం ప్రకారం ఫర్నెస్‌లో మూలమూలకూ, మధ్యలోనూ థర్మోకపుల్స్ పెట్టి, ఏ మూల ఎంత వేడి ఉందో సర్వే చేయాలి. రెండో క్లాసు ఫర్నెస్ అయితే తేడా ఆరు డిగ్రీలు దాటకూడదు. ఐదో క్లాసుకు పద్నాలుగు దాకా ఒప్పుకుంటారు. డై హార్డెనింగ్ చేసే మామూలు షాపు ఈ లెక్కల జోలికి పోనక్కర్లేదు. బాలానగర్‌లో అలాంటి పనితనం పుష్కలంగా ఉంది. 1968లో అక్కడ సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ వచ్చాక డైలు, పంచ్‌లు, అచ్చుల పని ఆ చుట్టుపక్కల పెరిగింది. డీ2, హెచ్13 స్టీళ్లకు మేమూ ఇప్పటికీ అటే పోతాం. కానీ అచ్చుకు పదును పెట్టడం వేరు, విమానం బుష్‌కు కాగితంతో సహా పదును పెట్టడం వేరు.

బెంగళూరులో 1940 నుంచి హిందుస్థాన్ ఏరోనాటిక్స్ ఉంది. దాని నీడలో పీణ్యలాంటి చోట్ల ఇలాంటి షాపులూ లేచాయి. మన ముక్కలు అక్కడికి 570 కిలోమీటర్లు పోయి రావాలి. స్టీలు ముక్క ఎలాగో ప్రయాణం తట్టుకుంటుంది, అల్యూమినియం షీట్ తట్టుకోదు. 1906లో బెర్లిన్ దగ్గర ఆల్‌ఫ్రెడ్ విల్మ్ కనిపెట్టిన గుణమే దానికి కారణం. రాగి కలిసిన అల్యూమినియంను కాల్చి నీళ్లలో ముంచితే అప్పటికి మెత్తగానే ఉంటుంది, తర్వాత గంటలు గడిచేకొద్దీ దానంతటదే గట్టిపడుతుంది. ఆ మెత్తదనం ఉన్న కాసేపట్లోనే వంచుకోవాలి. లేదా మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టి గట్టిపడకుండా ఆపుకోవాలి. ముంచడంలోనూ లెక్క ఉంది. ఫర్నెస్ తలుపు కదిలిన క్షణం నుంచి ముక్క చివరి మూల నీళ్లలో మునిగేదాకా, పలచటి రేకుకు ఐదు సెకన్లు, రెండు మిల్లీమీటర్లు దాటిన మందానికి పదిహేను సెకన్లు. ఐదు సెకన్ల పని కోసం ఐదు వందల కిలోమీటర్లు పొమ్మంటే ఏం చేయాలి? ఇలాంటి షీట్‌మెటల్ ఆర్డర్లను మాలో చాలామంది చేతికొచ్చినా వదులుకుంటున్నారు.

అందుకని మా మొదటి కోరిక. ఆదిభట్ల లేదా ఎలిమినేడు ఏరోస్పేస్ పార్కులో రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ టీజీఐఐసీ ఒక స్థలం చూపించి, కేంద్ర ప్రభుత్వం నడిపే సూక్ష్మ, చిన్న పరిశ్రమల క్లస్టర్ అభివృద్ధి పథకం కింద ఉమ్మడి హీట్ ట్రీట్‌మెంట్ కేంద్రానికి ప్రతిపాదన పంపాలి. ఐదు నుంచి పది కోట్ల ప్రాజెక్టుకు 70 శాతం, పది నుంచి ముప్పై కోట్ల దాకా అయితే 60 శాతం గ్రాంటు ఇచ్చే పథకం అది. 2024 సెప్టెంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం కొత్త ఎంఎస్‌ఎంఈ పాలసీ తెచ్చింది కదా, మిగతా వాటాలో రాష్ట్రం ఎంత పెడుతుందో దాని కింద తేల్చి చెప్పాలి. మా వాటా మేము పెడతాం, కంపెనీ రిజిస్టర్ చేసుకుంటాం. కేంద్రంలో మాకు కావలసింది ఇది: ఒక వాక్యూమ్ ఫర్నెస్, అల్యూమినియంకు కింద తలుపు తెరుచుకుని ముక్కలు నేరుగా నీటి తొట్టిలోకి దిగే ఫర్నెస్, రెండు ఏజింగ్ ఓవెన్లు, డీప్ ఫ్రీజర్, హార్డ్‌నెస్, కండక్టివిటీ పరీక్షలు. అన్నింటికన్నా ముందు, థర్మోకపుల్స్ గడువులు చూసుకునే మనిషి కావాలి. ఫర్నెస్‌లు కొనడం తేలిక. రిబ్బన్ కత్తిరించి, ఫొటో దిగి, ఏడాది తర్వాత తాళం వేసిన ఉమ్మడి కేంద్రాల గురించి మేమూ విన్నాం. అందుకే నాడ్‌క్యాప్ ఆడిట్ గట్టెక్కి, ట్రేలు నిండడం మొదలయ్యేదాకా, కనీసం మొదటి మూడేళ్లు ఆడిట్ ఫీజు, క్యాలిబ్రేషన్ ఖర్చు, ఆ మనిషి జీతం గ్రాంటులోనే కలపాలి. భవనం చిన్నదైనా సరే.

రెండో కోరిక పెద్ద కంపెనీల గురించి. పైన చెప్పిన అంతర్జాతీయ కంపెనీల్లో ఏదో ఒకటి హైదరాబాద్ వస్తే మాకు సంతోషమే, అడ్డుపడం. ఒకవేళ అలాంటి కంపెనీకి రాయితీ మీద స్థలం, స్టాంపు డ్యూటీ మినహాయింపు ఇస్తే ఒప్పందంలో ఒక్క వాక్యం రాయించండి. ప్రతి వారం ఒక నిర్ణీత రోజున, ట్రే నిండినా నిండకపోయినా, చిన్న లాట్ల బ్యాచ్ నడవాలి. దాని రేటు కిలోకు ఇంత అని గోడ మీద అంటించాలి. సగం ఖాళీగా నడిచిన బ్యాచ్‌ల నష్టాన్ని మొదటి రెండేళ్లు ప్రభుత్వం పంచుకోవచ్చు. ఊరికి బస్సు వేసినప్పుడు మొదట్లో సగం సీట్లు ఖాళీగానే నడుస్తుంది. టైముకు వస్తుందని నమ్మకం కుదిరాకే జనం ఎక్కుతారు. ఈ షరతు లేకపోతే వచ్చే కంపెనీ పెద్దవాళ్ల ట్రేలే నింపుకుంటుంది. అందులో దాని తప్పేమీ ఉండదు, వ్యాపారం అంతే. మా పెట్టె మాత్రం మళ్లీ పదకొండు రోజులు ఆగుతుంది.

కరెంటు సంగతి. లేత్‌కు కరెంటు పోతే పని ఆగుతుంది, వస్తే మళ్లీ నడుస్తుంది. ఫర్నెస్‌కు అలా కాదు. వెయ్యి డిగ్రీల మీద ఉన్న వాక్యూమ్ ఫర్నెస్‌లో చల్లటి నీళ్లు తిప్పే పంపు ఆగితే సీళ్లు కాలిపోతాయి. రెప్పపాటు పోయి వచ్చినా చార్ట్‌లో గీత కిందికి వంగుతుంది. వంగిన ప్రతి గీతకూ కస్టమర్‌కు సంజాయిషీ రాసుకోవాలి, అతను ఒప్పుకుంటే ముక్కలు ఉంటాయి, లేకుంటే మళ్లీ ఎర్ర రంగు. అందుకే ఆ కేంద్రానికి వేర్వేరు సబ్‌స్టేషన్ల నుంచి రెండు ఫీడర్లు ఇవ్వాలని విద్యుత్ పంపిణీ సంస్థను ఆదేశించవలసిందిగా కోరుతున్నాం.

మనుషుల విషయంలో మనకు ఉన్నంత సంపద ఇంకెక్కడా లేదు. కంచన్‌బాగ్‌లో రక్షణ రంగ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్ ఉంది, 1973 నుంచి ప్రత్యేక లోహాల ఫ్యాక్టరీ మిధాని ఉంది. క్షిపణుల మారేజింగ్ స్టీలు, టైటానియం మిశ్రమాలు అక్కడి పనే. బాలాపూర్‌లో లోహ పొడుల పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ ఉంది. ఇవన్నీ ఆదిభట్లకు గంట ప్రయాణంలోనే ఉన్నాయి. అక్కడ రిటైరైన మెటలర్జీ పెద్దలు వారానికి రెండు రోజులు మా కేంద్రానికి వచ్చి కూర్చున్నా మాకు పదేళ్ల అనుభవం కలిసొస్తుంది. వాళ్లకు గౌరవ వేతనం ఏర్పాటు చేయండి. రాష్ట్రంలో 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తున్నారు. వాటిలో రోబోలు, సీఎన్‌సీ నేర్పుతున్నారు, మంచిదే. మన జిల్లాలోని ఒక్క సెంటర్‌లోనైనా ఫర్నెస్ ఆపరేటర్, ఫర్నెస్ వేడి కొలిచే పైరోమెట్రీ టెక్నీషియన్ కోర్సు పెట్టాలి. ఇబ్రహీంపట్నం చుట్టూ ఇన్ని ఇంజనీరింగ్ కాలేజీలు ఉన్నాయి. ఏటా మెకానికల్ పిల్లలు మా దగ్గరికి ఉద్యోగానికి వస్తూనే ఉంటారు. ఫర్నెస్ చార్ట్ ముందు పెడితే చదవగలిగినవాడు వందలో ఒకడు దొరకడం కష్టం. అది పిల్లల తప్పు కాదు, వాళ్లకు ఎవరూ చూపించలేదు.

పారిశ్రామిక సభల్లో పెద్దలు మాట్లాడేటప్పుడు నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు గురించి తప్పకుండా చెబుతారు. డమాస్కస్ కత్తులకు మన ఉక్కే పోయిందని, పర్షియా వ్యాపారులు కోనసముద్రం దాకా వచ్చి కొనుక్కుపోయేవాళ్లని. నిజమే. 1820ల్లో వోయిసీ అనే ఇంగ్లిష్ డాక్టర్ ఆ మూసల పద్ధతిని చూసి రాసిపెట్టాడు. వినడానికి గర్వంగా ఉంటుంది. మీటింగ్ అయ్యాక పెట్టె పట్టుకుని బెంగళూరు బస్సు ఎక్కుతాం.

బకాయిల మాట కూడా ఒకటి. హీట్ ట్రీట్‌మెంట్ వాడు డబ్బు చేతిలో పడితేగానీ పెట్టె ఇవ్వడు, మా కస్టమర్ మూడు నెలలకు ఇస్తాడు. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టంలో 45 రోజుల గడువు, ఆలస్యానికి బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ ఉన్నాయని మాకు తెలుసు. ఫిర్యాదు చేస్తే మళ్లీ ఆర్డర్ రాదనీ తెలుసు. ఫిర్యాదు లేకుండానే అధికారులు ఏడాదికోసారి పెద్ద కంపెనీల బకాయి పట్టికలు అడిగి చూస్తే చాలు.

చివరగా, ఇది షెడ్లలో పనిచేసేవాళ్లు పట్టుబట్టి రాయించిన పేరా. పాత పద్ధతి హీట్ ట్రీట్‌మెంట్ షాపుల్లో సైనైడ్ ఉప్పు తొట్లు ఉండేవి, క్వెంచింగ్ నూనె అంటుకుని మంటలు లేచేవి. ఉమ్మడి కేంద్రం వస్తే అందులో సైనైడ్ సాల్ట్ బాత్ ఉండకూడదని కాలుష్య నియంత్రణ మండలి మొదటి అనుమతిలోనే రాయాలి. వాడిన నూనె, కడిగిన నీళ్లు ఎక్కడికి పోతాయో లెక్క ఉండాలి. కుతుబ్‌షాహీల కాలంలో తవ్విన ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు మా అందరిదీ. మాలో సగంమంది తాతలు ఆ నీళ్ల కింద వరి వేసినవాళ్లే. మా పనికి పదును వచ్చి చెరువుకు విషం పట్టడం మాకు వద్దు. వాక్యూమ్‌లో కాల్చి నైట్రోజన్ వాయువుతో చల్లార్చే ఫర్నెస్ అయితే ఈ బెడద చాలావరకు తప్పుతుంది. ధర ఎక్కువైనా మేము అదే అడుగుతున్నాం.

కావున తాము దయతో ఈ విషయాలపై టీజీఐఐసీ, జిల్లా పరిశ్రమల కేంద్రం, బాలానగర్‌లోని కేంద్ర ఎంఎస్‌ఎంఈ కార్యాలయం, విద్యుత్ అధికారులతో ఒక సమావేశం ఏర్పాటు చేసి, మాలో ఇద్దరిని, అంటే ఒక యజమానిని, ఒక ఆపరేటర్‌ను పిలవవలసిందిగా ప్రార్థిస్తున్నాం. సమావేశం సాయంత్రం నాలుగు తర్వాత పెడితే మొదటి షిఫ్టు అయిపోతుంది, ఆపరేటర్‌కు జీతం కోత పడదు.

ఇట్లు,
తమ విధేయులు,
ఇబ్రహీంపట్నం, ఆదిభట్ల పరిసరాల చిన్న మెషినింగ్, షీట్‌మెటల్ యూనిట్ల యజమానులు, కార్మికులు
సంతకాలు వెనుక పేజీల్లో

ప్రతులు: టీజీఐఐసీ వైస్ ఛైర్మన్ మరియు మేనేజింగ్ డైరెక్టర్ గారికి, జిల్లా పరిశ్రమల కేంద్రం జనరల్ మేనేజర్ గారికి, ఇబ్రహీంపట్నం శాసనసభ్యులు గారికి.

జతపరచినవి:
1. యూనిట్ల వారీగా నెలకు హీట్ ట్రీట్‌మెంట్‌కు పంపే ముక్కల బరువు, లోహం, కావలసిన కండిషన్ పట్టిక.
2. రిజెక్షన్ నోట్ నకలు, కంపెనీల పేర్లు కొట్టివేసి.
3. 17-4 పీహెచ్ బుష్ ఒకటి, రెండు సగాలు. ఎర్ర రంగు ఇంకా చేతికి అంటవచ్చు, కాగితంలో నుంచి తీసేటప్పుడు చూసుకోగలరు. బోర్ కొలత సరిగ్గానే ఉంది.